ఆట అందరిది – అవార్డు ఎవరిది?

మన వార్షిక సంచికకు ఏదైనా వ్యాసం రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగితే నాట్యం మీద రాస్తానన్నాను. నాట్యం అనగానే చాలామందికి కూచిపూడి గుర్తుకొస్తుంది, లేదా సినిమా డాన్సు గుర్తుకొస్తుంది. మాది ఏటూరునాగారం. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి. ఇటు పాలంపేట రామప్ప గుడి, అటు మేడారం. రాతిలో నిలిచిపోయిన ఆట ఒకటి, గూడెంలో ఇంకా ఆడుతున్న ఆట ఒకటి, రెండూ మాకు ఇరుగుపొరుగు. ఈ రెంటిలో దేనికి బిరుదులు వచ్చాయి, ఎవరి పేరు మీద వచ్చాయి, ఎందుకు అలా వచ్చాయి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ముందు రాతి సంగతి. రామప్ప గుడిని కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021 జూలైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. గుడి బయట చూరు కింద నల్లరాతి మదనికలు, లోపల స్తంభాల మీద నర్తకులు, మద్దెల వాయించేవాళ్ళు కనిపిస్తారు. గుడి కట్టిన నలభై ఏళ్ళకు, 1253–54 ప్రాంతంలో, గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. అందులో ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు మార్గ పద్ధతికి, తక్కిన నాలుగు దేశి పద్ధతికి. దేశి అంటే ఆనాటి జనం ఆడుకునే ఆటలన్న మాట. కోలాటం, చిందు, రాసకం వంటి వాటిని ఒక సేనాపతి కూర్చుని శ్రద్ధగా గ్రంథస్థం చేశాడంటే ఆశ్చర్యమే మరి! ఆ దేశి నృత్యాల్లోనిదే పేరణి, ఇవాళ మనం పేరిణి అంటున్నది. ఒళ్ళంతా తెల్లటి పూత, కాళ్ళకు గజ్జెలు, ఆ గజ్జెల సవ్వడిని పాదంతోనే ఆపడం, రేపడం ఈ ఆటకు ప్రాణం. యుద్ధానికి పోయే వీరులు శివుణ్ణి తలచుకుని ఆడేవారని లోకంలో వాడుక.

కాకతీయ రాజ్యం 1323లో పడిపోయింది. పేరిణి కూడా ఆడేవాళ్ళు లేక మరుగున పడింది. దాన్ని తిరిగి లేపినవారు డాక్టర్ నటరాజ రామకృష్ణ. 1923లో ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో పుట్టిన తెలుగువాడాయన. జాయపుని గ్రంథాన్ని ఒక చేత, రామప్ప శిల్పాన్ని ఒక చేత పట్టుకుని, ఈ భంగిమ నుంచి ఆ భంగిమకు శరీరం ఎట్లా పోతుందో ఏళ్ళ తరబడి ఆలోచించారు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. శిల్పం కదలికలో ఒక్క క్షణాన్నే చూపిస్తుంది. గ్రంథం లక్షణం చెబుతుంది గాని ఆడి చూపించదు. ఆ రెంటి మధ్య ఖాళీని పూరించవలసింది మనిషే. కాబట్టి మనం చూస్తున్న పేరిణి ఏడువందల ఏళ్ళ నాటి ఆట ఉన్నదున్నట్టుగా కాదు, ఆ ఆధారాల మీద ఒక గురువు కట్టిన కట్టడం. అలా అనడం వల్ల దాని విలువ తగ్గదు, పైగా ఆయన చేసిన పని ఎంతటిదో తెలుస్తుంది. 1985 మహాశివరాత్రికి రామప్ప గుడి దగ్గరే పేరిణి ప్రదర్శన జరిగింది. 1992లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2011లో కన్నుమూశారు.

ఇక్కడ అవార్డుకు దారి సులువుగానే దొరికింది. గ్రంథం ఉంది, గుడి ఉంది, గురువు పేరు ఉంది. బిరుదు అనేది ఉత్తరం లాంటిది. పైన పేరు, ఊరు ఉంటేనే చేరుతుంది.

ఈ మాట బాగా బోధపడాలంటే కాస్త దూరం పోయి ఫిలిప్పీన్స్ దేశాన్ని చూడాలి. మనీలాలో 1969లో ఆలిస్ రేయెస్ అనే నర్తకి ముందుండి స్థాపించిన బాలే సంస్థ ఉంది, బాలే ఫిలిప్పీన్స్ అంటారు. బాలే పడమటి దేశాల నాట్యం. వీళ్ళు ఆ కాళ్ళకు తమ కథలు తొడిగారు. చిత్రమేమిటంటే, 1980లో వాళ్ళు ఆడిన పేరుమోసిన నృత్యరూపకం 'రామ హరి', మన రామాయణ కథే! మా ఊరి గోదావరి దిగువన భద్రాచలంలో రాముడికి ఏటా పెళ్ళి జరుగుతుంటే, సముద్రాల అవతల ఆ రాముడే బాలే ఆడుతున్నాడన్న మాట. ఆ రూపకానికి నృత్యం కూర్చినది రేయెస్, సంగీతం రయాన్ కయబ్యాబ్, పాటలు బియెన్వెనిదో లుంబేరా. ఆ దేశం కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవం 'జాతీయ కళాకారుడు' బిరుదు. లుంబేరాకు 2006లో, రేయెస్‌కు 2014లో, కయబ్యాబ్‌కు 2018లో అది దక్కింది. ఒక్క రూపకం వెనక ముగ్గురు జాతీయ కళాకారులు! తరువాత 2022లో ఆగ్నెస్ లోక్సిన్‌కూ అదే బిరుదు వచ్చింది. దావావ్ నగరానికి చెందిన ఆమె తమ దేశపు ఆదిమ తెగల కదలికలనూ, ఆచారాలనూ బాలేతో కలిపి కొత్త బాణీ తయారుచేసింది.

బాలే సంస్థల్లో ఒక మంచి అలవాటుంది. కరపత్రంలో నృత్యం కూర్చినవారి పేరు, సంగీతం పేరు, ఎవరు ఏ పాత్ర ఆడారో ఆ పేర్లు అన్నీ అచ్చువేస్తారు. రేపు బిరుదు ఇవ్వాలన్నా, చరిత్ర రాయాలన్నా ఆ కాగితమే సాక్ష్యం.

ఇక మన గూడేలకు వద్దాం. గోదావరి పొడుగునా ఉన్న కోయల కొమ్ము ఆట సంగతి మీలో చాలామందికి తెలిసిందే. మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు కట్టిన తలపాగా పెట్టుకుని, పెద్ద డోలు మెడలో వేసుకుని ఆడతారు. నడుమ నడుమ ఇద్దరు తలలు వంచి దున్నపోతుల్లా కలియబడతారు. ఆడవాళ్ళు చేతులు కలిపి వరుస కట్టి రేల పాటతో అడుగు వేస్తారు. ఆ వరుసలో మొదటిది ఎవరు, చివరిది ఎవరు అని అడిగితే నవ్వుతారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక అడవిదున్నను ముట్టరాదు. కనుక ఆ పాత కొమ్ములు తాతల నాటి ఆస్తిగా చేతులు మారుతున్నాయి. ఈ ఆటను ఎవరూ తిరిగి లేపనక్కర లేదు, అది పడుకోలేదు గనుక. కాని దీనికి కర్త పేరు లేదు. ఊరంతా కర్తే.

బిరుదులు ఈ వైపు అసలు రాలేదని కాదు. గుస్సాడి నేర్పిన మర్లవాయి గోండు గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. మాకు గోదావరి దిగువన, మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో ఇచ్చారు. ఆయన నర్తకుడు కాదు. డోలు మీద కోయల వంశకథలు, సమ్మక్క సారలమ్మల కథ పాడే గాయకుడు. కాకపోతే ఆ పాట లేనిదే ఆటకు అర్థం లేదు. ఇద్దరూ 2024లోనే వెళ్ళిపోయారు. పద్మశ్రీ పతకం ఇంట్లో ఉంటుంది. ఆయన నోట ఉన్న వంశకథ మాత్రం వేరొకరి నోటికి ఎక్కితేనే ఉంటుంది. రామప్పలో రాయి ఉంది గనుక ఏడువందల ఏళ్ళ తరువాత కూడా వెతుక్కోగలిగారు. డోలు పాటకు అటువంటి రాయి లేదు.

అసలు ప్రమాదం ఇదీ. సభల్లో మంత్రిగారికి స్వాగతం పలకడానికి కొమ్ము కోయలను పిలుస్తాం. కారు దిగిన చోటు నుంచి మెట్ల దాకా ఆడిస్తాం. లోపల నాట్యకార్యక్రమం మొదలయ్యేసరికి వాళ్ళు బయట చెట్టు కింద ఉంటారు. ఆహ్వాన పత్రికలో వక్తల పేర్లన్నీ వరుసగా ఉంటాయి. వీళ్ళకు మాత్రం 'కోయ నృత్య బృందం' అని ఒకే ముక్క. పేరు లేని చోటికి గౌరవం ఎట్లా పోతుంది?

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. వచ్చే వార్షికోత్సవానికి ఒక గూడెం బృందాన్ని పిలుద్దాం, గేటు దగ్గరికి కాదు, వేదిక మీదికి. వాళ్ళ ఆటకు ఎంత సమయం కావాలో వాళ్ళనే అడిగి అంత ఇద్దాం. పట్నం కళాకారులకు ఇచ్చినట్టే ప్రతిఫలం ఇద్దాం. డోలు వాయించేవారు ఎవరు, పాట ఎత్తుకునేవారు ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది వాళ్ళ ఇష్టప్రకారం రాసుకుని ఈ సంచికలోనే అచ్చువేద్దాం. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 చివర్లో చట్టం చేశారు. రేపు అక్కడ ఎవరైనా పరిశోధనకు కూర్చుంటే మన సంచిక చేతికి దొరకాలి.

జాయపుడు ఏనుగుల దండును నడుపుతూ కూడా జనం ఆటలు రాయడానికి తీరిక చేసుకున్నాడు. పరీక్షలైపోయిన వేసవి సెలవుల్లో మనకు ఆ మాత్రం తీరిక దొరక్కపోదు.