తీగ ఒకటే, బేరాలే వేరు

కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో తుంగభద్ర ఎడమ కాలువ వెంట సింధనూరు, మాన్వి వైపు వెళ్తుంటే చాలా ఊళ్ళ పేర్ల చివర ‘క్యాంపు’ అని కనిపిస్తుంది. కాలువకు నీళ్ళొచ్చాక కోస్తా నుంచి తరలివచ్చిన తెలుగు రైతులు వేసుకున్న ఊళ్ళవి. పొలాలు చేసినవాళ్ళే కొందరు తర్వాత రైస్ మిల్లులు పెట్టారు. మిల్లు యజమానికి ధాన్యం రేటు తర్వాత నిద్ర పట్టనివ్వనిది ఇక్కడి పంపిణీ సంస్థ జెస్కాం పంపే కరెంటు బిల్లే. ‘జెస్కాం దగ్గరే ఎందుకు, వేరేచోట కొనుక్కోకూడదా?’ అన్న మాట సీజన్‌కోసారైనా పైకొస్తుంది. కొనుక్కోవచ్చు. ఆ దారి పేరు ఓపెన్ యాక్సెస్. అందులోని కొన్ని విశేషాలు ఇవి.

చట్టం 2003 నాటిది. ఒక మెగావాట్ దాటి వాడేవాళ్ళు తమకిష్టమైన చోట కరెంటు కొనుక్కోవచ్చని విద్యుత్ చట్టం చెప్పింది. మామూలు రైస్ మిల్లు ఆ గీత దగ్గరికి కూడా రాదు. పవన, సౌర విద్యుత్తు లాంటి హరిత విద్యుత్తు కొనేవాళ్ళకు కేంద్రం 2022 జూన్‌లో రూల్స్ తెచ్చి ఆ గీతను 100 కిలోవాట్లకు దించింది. దాంతో మిల్లుల చుట్టూ ఏజెంట్లు తిరగడం మొదలైంది. 2024 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ రూల్స్‌నే కొట్టేసింది. అందుకే ఏజెంటు బల్ల మీద పరిచే రంగుల బ్రోషర్‌లో రేటు కంటే ముందు దాన్ని ఏ ఏడాది అచ్చువేశారో చూడాలి.

‘పక్క మిల్లాయన చిత్రదుర్గ గాలిమర కరెంటు కొంటున్నాడటండీ. ఆయన బల్బు మనదానికంటే తెల్లగా వెలుగుతుందా ఏం?’ అని ఒక మిల్లులో గుమస్తా నవ్వుతూ అడగడం విన్నాను. వెలగదు. గ్రిడ్‌లో పడ్డాక ఏ యూనిట్ ఎవరిదో చెప్పలేం. గాలిమర అక్కడ ఎంత పోసిందో, మిల్లు ఇక్కడ ఎంత తోడుకుందో మీటర్లు రాసుకుంటాయి. మారేది ఆ లెక్కే. మిల్లులో మోటారు తిప్పేది మాత్రం, కాగితం మీద ఏమున్నా, కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో మండుతున్న బొగ్గే కావచ్చు. అక్కడి రాయచూరు థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1985లో మొదలైంది. ఇప్పుడు ఎనిమిది యూనిట్లు, 1,720 మెగావాట్లు. బొగ్గులో కొంత మన సింగరేణి నుంచి వస్తుంది.

కరెంటు బజారుకు సంబంధించి రాయచూరు పేరు దేశమంతా మోగిన రోజు ఒకటుంది: 2013 డిసెంబరు 31. అంతవరకు దక్షిణాది గ్రిడ్‌ది వేరు కాపురం. ఉత్తరాది నుంచి కరెంటు రావాలంటే విశాఖ దగ్గరి గాజువాక, మహారాష్ట్రలోని భద్రావతి లాంటి చోట్ల ఏసీని డీసీగా మార్చి, మళ్ళీ ఏసీగా మార్చి తెచ్చుకోవాల్సిందే. ఇరుకు సందు లాంటి ఆ దారుల్లో పట్టేది తక్కువ కాబట్టి, కరెంటు వేలం జరిగే పవర్ ఎక్స్చేంజీలో అదే గంటకు దక్షిణాదికి ఒక రేటు, మిగతా దేశానికి ఇంకొకటి పలికేవి. మనదే ఎక్కువని వేరే చెప్పాలా? ఆ రోజు రాయచూరు, షోలాపూర్‌ల మధ్య 765 కేవీ లైను కలిసింది. దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీతో నడవడం అప్పుడు మొదలైంది. 2014లో రెండో లైను తోడయింది. ఆ తీగల కిందే పత్తి ఏరుకునేవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

అసలు తిరకాసు రేటులో ఉంది. యూనిట్ అయిదు రూపాయలకు దొరికిందనుకోండి. వంద యూనిట్లు బయల్దేరితే దారిలో ఎనిమిది ఆవిరయ్యాయనుకోండి. చేతికొచ్చిన తొంభై రెండింటికీ మీరు కట్టింది అయిదు వందలు. దాని మీద తీగ అద్దె, అంటే వీలింగ్ చార్జీ. ఆపైన క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి. జెస్కాం ముందే ఒప్పందం చేసుకున్న కరెంటు మీరు వెళ్ళిపోతే మిగిలిపోతుంది కాబట్టి అదనపు సర్‌చార్జి ఇంకొకటి. ఇంతాచేసి జెస్కాం కనెక్షన్ ఉంచుకుంటే డిమాండ్ చార్జీ మామూలే. పెళ్ళి ఖర్చులా కొసర్లే అసలును మించకుండా చూసుకోవాలి.

క్రాస్ సబ్సిడీ కథ భలే ఉంటుంది. కర్ణాటకలో 10 హెచ్.పి. వరకు సాగు మోటార్లకు కరెంటు ఉచితం. ఆ ఖర్చు చాలావరకు ప్రభుత్వమే ఇస్తున్నా, తక్కువ రేటు వర్గాల భారంలో కొంత మిల్లులూ హోటళ్ళూ ఎక్కువ రేటు కట్టి మోయడం ఎప్పట్నుంచో ఉన్నదే. వాళ్ళు బయటికి వెళ్ళిపోతే ఆ లోటు పూడ్చడానికే ఈ సర్‌చార్జి. అంటే పొద్దున బోరు మోటారుకు పైసా కట్టని క్యాంపు రైతే, మధ్యాహ్నం మిల్లు గల్లాపెట్టె ముందు కూర్చుని అదే సబ్సిడీకి తన వంతు చెల్లిస్తున్నాడు!

ఈ సర్‌చార్జి తప్పించుకునే దారీ ఉంది: సొంత ప్లాంటు. అంతా మీదే కానక్కర్లేదు. వాడుకునేవాళ్ళందరూ కలిసి 26 శాతం వాటా పెట్టి, పుట్టిన కరెంటులో 51 శాతం వాడుకుంటే చాలని 2005 నాటి విద్యుత్ రూల్స్ చెబుతున్నాయి. అదనపు సర్‌చార్జి కూడా వీళ్ళకు వర్తించదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. నలుగురు మిల్లర్లు కలిసి వాటాలు కొనడం ఇందుకే. అయితే ఏడాది చివర లెక్కలో 51కి తగ్గితే, మినహాయించిన సర్‌చార్జి అంతా నెత్తి మీద పడుతుంది.

వాటాలు వద్దనుకుని పవర్ ఎక్స్చేంజీలో కొందామంటే, అక్కడ రోజుకు 96 రేట్లు. పదిహేను నిమిషాలకొకటి. రేపటి వాడకం ఇవాళే చెప్పాలి. తడి ధాన్యం వచ్చి డ్రయర్ రెండు గంటలు ఎక్కువ తిరిగితే ఆ లెక్కంతా తప్పుతుంది.

2023లో వర్షాల్లేక కరెంటుకు కటకటలాడినప్పుడు కర్ణాటక ప్రభుత్వం అక్టోబరులో విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్‌ను ప్రయోగించింది. రాష్ట్రంలో ఉత్పత్తిచేసేవాళ్ళు కరెంటును రాష్ట్ర గ్రిడ్‌కే ఇవ్వాలంది. స్వేచ్ఛా విపణి అనే సంతకు తాళం చెవి ఎవరి దగ్గరుందో అప్పుడు తెలిసింది.

ఈ స్వేచ్ఛ ఇళ్ళ దాకా వెళ్ళిన చోట్లూ ఉన్నాయి. అమెరికాలో డల్లాస్ పక్కన అర్వింగ్‌లో ఉండే మనవాళ్ళకైతే ఇంటి కరెంటు కొనడం సెల్‌ఫోన్ ప్లాన్ ఎంచుకున్నంత తేలిక. టెక్సాస్ 2002లోనే ఆ తలుపు తెరిచింది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో హోల్‌సేల్ ధర యూనిట్‌కు 9 డాలర్లకు చేరింది. ఆ ధరకు కట్టుబడిన ప్లాన్లు తీసుకున్నవాళ్ళకు వేల డాలర్ల బిల్లులొచ్చాయి.

ఏ సెక్షన్‌తోనూ, సర్‌చార్జితోనూ పెద్దగా పేచీ లేనిది మిల్లు కప్పు మీది సోలార్. రాయచూరు ఎండకు కొదవేముంది! పేచీ పెట్టేది తవుడు దుమ్మే. సీజన్‌లో వారం తిరిగేసరికి పలకల మీద బూడిద రంగు పొర పేరుకుంటుంది. వేలితో గీస్తే పేరు రాసుకోవచ్చు. ఎండ ముదరకముందే, పలకలు చల్లగా ఉండగానే, ఒక కుర్రాడు పైపు పట్టుకుని నిచ్చెన ఎక్కాలి.