పెద్దల సభలో మనవాళ్లెవరు?

2014 మే నెలాఖరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండుగా విడిపోవడానికి ఇక రోజులే మిగిలాయి. లోక్‌సభ సభ్యులతో చిక్కేమీ రాలేదు. నియోజకవర్గం ఎటుంటే ఎంపీ అటే. 42 స్థానాల్లో 25 ఆంధ్రప్రదేశ్‌కు, 17 తెలంగాణకు వెళ్లాయి. రాజ్యసభ సభ్యుడికి నియోజకవర్గం ఉండదు, రాష్ట్రం మొత్తం ఆయనదే. అందుకే 18 స్థానాలను 11, 7గా విడదీసి, ఎవరు ఎటో తేల్చడానికి సభాధ్యక్షుడు హమీద్ అన్సారీ చీట్లు తీయించాల్సి వచ్చింది. తెలంగాణ ఉద్యమంలో ముందు వరసలో నిలిచిన కె.కేశవరావు ఆంధ్రప్రదేశ్ వాటాలోకి వెళ్లారు. కృష్ణా జిల్లాకు చెందిన కేవీపీ రామచంద్రరావు తెలంగాణ సభ్యుడయ్యారు.

పునర్విభజన చట్టం చెప్పినట్టే అంతా జరిగింది. అయినా రాజ్యసభ సభ్యుడికీ ఆయన రాష్ట్రానికీ నడుమ ఉన్న ముడి ఎంత పలచనిదో ఆ చీట్లు చూపించాయి. నిజానికి ఆ ముడి అంతకు పదకొండేళ్ల ముందే వదులైంది.

రాష్ట్రపతి, లోక్‌సభ, రాజ్యసభ. ఈ మూడూ కలిస్తేనే పార్లమెంటు. లోక్‌సభ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 543 మందిని మనమే నేరుగా ఎన్నుకుంటాం, గడువు ఐదేళ్లు, పోటీకి పాతికేళ్లు నిండాలి. ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలన్నది మాత్రం ఇప్పటికీ 1971 జనాభా లెక్కల మీదే నడుస్తోంది.

రాజ్యసభ రద్దు కాదు. సభ్యుల పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడోవంతు మంది దిగిపోతారు. పోటీకి ముప్పై ఏళ్లు నిండాలి. రాజ్యాంగం 250 మంది వరకు ఉండొచ్చంది, ఇప్పుడున్నవి 245 స్థానాలు. వాటిలో 12 రాష్ట్రపతి నామినేట్ చేసేవి. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సమాజసేవల్లో అనుభవం ఉన్నవారి కోసం ఉద్దేశించినవి. 1997లో సి.నారాయణరెడ్డి, 2022లో విజయేంద్ర ప్రసాద్ ఆ దారినే వెళ్లారు. మిగతా 233 మందినీ ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. అమెరికా సెనేట్‌లో లాగా రాష్ట్రానికి ఇద్దరేసి కాదు, ఇక్కడ ఉత్తరప్రదేశ్‌కు 31, త్రిపురకు ఒకటి.

ఎన్నిక పద్ధతి కాస్త లెక్కలతో కూడినది. ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ వంద. మొత్తం ఓట్ల విలువను, ఖాళీలకు ఒకటి కలిపి, ఆ సంఖ్యతో భాగించి, వచ్చినదానికి ఒకటి చేర్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో మూడు స్థానాలు ఖాళీ అయ్యాయనుకుందాం. 175 మంది ఎమ్మెల్యేల 17,500ను నాలుగుతో భాగించి ఒకటి కలిపితే 4,376. అంటే 44 మంది తొలి ప్రాధాన్యం ఇస్తే గెలుపు ఖాయం, మిగిలే 24 విలువ రెండో ప్రాధాన్యం పొందిన అభ్యర్థికి బదిలీ అవుతుంది. అసెంబ్లీలో చిన్న పక్షానికీ దాని బలం మేరకు చోటు దక్కాలన్నది దీని వెనకున్న న్యాయం. నాకు మన ఎన్నికల చట్టాల్లో బాగా నచ్చిన భాగం ఇదే.

ఈ లెక్క జోలికి పోకుండానే 2003లో రెండు మార్పులు తెచ్చారు. డబ్బు చేతులు మారుతోందని రహస్య ఓటును తీసేశారు. ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించి పెట్టెలో వేయాలి. రెండోది ఇంకా లోతైనది. అంతకుముందు అభ్యర్థి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. ఇప్పుడు దేశంలో ఎక్కడ ఓటరైనా చాలు. పాత నిబంధనకు అప్పటికే గండి పడిన మాట నిజమే. వేరే రాష్ట్రపు నాయకులు అద్దె ఇంటి చిరునామాతో ఓటరుగా చేరి నెగ్గుకొచ్చేవారు. మన్మోహన్‌సింగ్ అసోం నుంచి సభలో అడుగుపెట్టింది 1991లో. కులదీప్ నయ్యర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు రెండు మార్పులనూ సమర్థించింది. ఆ రాష్ట్రంలో నివాసం ఉండి తీరాలన్నది సమాఖ్య వ్యవస్థకు ప్రాణం కాదంది.

కోర్టు మాట శిరోధార్యమే, కానీ అది చట్టం చెల్లుతుందా లేదా అన్నంతవరకే. మంచిదా కాదా అన్నది మనం తేల్చుకోవాలి. మహారాష్ట్రకు చెందిన సురేశ్ ప్రభు 2014లో హర్యానా నుంచి, 2016లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. ఆయన సమర్థతను ఎవరూ శంకించరు. కృష్ణా జలాల పంపకం మీద, సగంలో నిలిచిన రైలు మార్గం మీద సభలో పట్టుబట్టాల్సిన రోజున ఆ రాష్ట్ర ప్రజలకు ఆయన ఏమవుతారన్నదే నా ప్రశ్న. పార్టీకి జవాబుదారీ అయిన సభ్యుడు రాష్ట్రానికీ జవాబుదారీ అవుతాడన్న భరోసా లేదు.

ఈ సభ చేతిలో ఉన్న అధికారం చిన్నదేమీ కాదు. ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు, నిజమే. మామూలు బిల్లుపై పట్టుబట్టినా ఉమ్మడి సమావేశంలో సంఖ్యాబలం లోక్‌సభదే. అలాంటి సమావేశాలు 1961, 1978, 2002లో మూడే జరిగాయి. అయితే 249వ అధికరణం కింద, రాష్ట్రాల జాబితాలోని అంశంపై చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు అప్పగించగలిగేది రాజ్యసభ ఒక్కటే. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు చాలు. రాష్ట్రాల హక్కు తలుపు తాళం రాష్ట్రాల ప్రతినిధుల దగ్గరే ఉండాలని రాజ్యాంగకర్తలు అనుకున్నారు.

ఆ సభను నడిపించే సిబ్బంది విషయంలోనూ వాళ్లు అంతే జాగ్రత్త పడ్డారు. 98వ అధికరణం ప్రకారం ఏ సభ సచివాలయం దానిదే, ప్రభుత్వ శాఖల కింద ఉండదు. రాజ్యసభ తొలి కార్యదర్శి ఎస్.ఎన్.ముఖర్జీ, రాజ్యాంగ ముసాయిదా రాతలో ముఖ్యుడు. 1993లో ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ పశ్చిమ గోదావరి బిడ్డ వి.ఎస్.రమాదేవి. మాట పొల్లుపోకుండా రాసుకునే రిపోర్టర్లు, గ్రంథాలయ పరిశోధకులు, అనువాదకులు ఈ సచివాలయంలోనే పనిచేస్తారు. ప్రభుత్వాలు మారినా వీళ్లు ఉంటారు. 2018 నుంచి రాజ్యసభలో 22 భాషల్లో దేనిలో మాట్లాడినా అప్పటికప్పుడు అనువదించే ఏర్పాటు ఉంది. మన సభ్యులు తెలుగులో నిలదీస్తే వినిపించే మనుషులు అక్కడ సిద్ధంగా ఉన్నారు.

నివాస నిబంధనను తిరిగి తేవడానికి రాజ్యాంగాన్ని సవరించనక్కర్లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం మూడో సెక్షన్‌లో ‘భారతదేశంలో’ అన్నచోట మళ్లీ ‘ఆ రాష్ట్రంలో’ అని రాయాలి. దొంగ చిరునామాలకు తావు లేకుండా కనీసం కొన్నేళ్ల నివాసమన్న షరతూ చేర్చాలి. ఉభయ సభల్లో సాధారణ మెజారిటీ చాలు. రెండు రాష్ట్రాలకూ కలిపి లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది ఉన్నారు. ప్రైవేటు బిల్లు పెట్టడానికి వాళ్లలో ఒక్కరు ముందుకొచ్చినా సరిపోతుంది.