మొదటి 72 గంటలు, ఆ మీది దినములు

ఈ శతాబ్దపు తొలి యేండ్లలో హైదరాబాదు కూడళ్ళలోని పెద్ద పెద్ద ప్రకటన ఫలకములమీద ఒక ప్రశ్న వెలసెను: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? ఆ పులిరాజా యెవరో, అతడేమి చేసెనో తెలియక జనులు మొదట విస్తుపోయి, పిమ్మట నవ్వుకొని, తుదకది ఎయిడ్స్ నివారణ ప్రచారమని గ్రహించిరి. పరుని గూర్చి అడిగిన ప్రశ్న గనుక నాడు నవ్వుటకు వీలుండెను. నేడు అమీర్‌పేట హాస్టలు గదిలో, తోడివారందరు నిద్రించుచుండగా, ఫోను వెలుగులో అదే ప్రశ్నను తన్ను గూర్చి తానే వేసికొను యువకునికి నవ్వు రాదు, ఎస్.ఆర్. నగరులో ఉండి ఉద్యోగము చేసికొను యువతికిని రాదు. సనత్‌నగర్ పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు ముగించుకొని, భార్యాబిడ్డలున్న ఇంటి గడప త్రొక్కుటకు వెనుదీయు కార్మికునికి అసలే రాదు.

ఆ భయము నిష్కారణమైనది కాదు. 2005–06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వరకు గల వారిలో హెచ్.ఐ.వి. ఉన్నవారు దేశమంతట నూటికి 0.28 వంతున ఉండగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 0.97గా తేలిరి. నేటికిని తెలంగాణమున ఆ పాలు జాతీయ సగటుకు రెట్టింపును మించియే యున్నది. కావున ఈ భయమును తేలిక చేసి మాటాడుట నా యుద్దేశము కాదు. అది తాను నడువవలసిన క్రమమునకు తలక్రిందులుగా నడచుచున్నదని చెప్పుటయే నా యుద్దేశము. త్వరపడవలసిన మొదటి మూడు దినములను సిగ్గు మ్రింగివేయును. ఓపిక పట్టవలసిన వారములను ఆందోళన ఆక్రమించును. ఫలితము చేతికి వచ్చి నిశ్చింతగా ఉండవలసిన నెలలను సందేహము తినివేయును.

మొదటి మూడు దినముల మాట ముందు చెప్పెదను, ఏలయన తెలియనందువలన ఎక్కువ నష్టము జరుగునది అక్కడనే. కండోము లేకుండనో, అది చినిగియో కలయిక జరిగినపుడు, వైరసు దేహమున ప్రవేశించినను వెంటనే రక్తమంతట వ్యాపింపదు. ప్రవేశించిన చోటి కణములలో కొంత కాలము వృద్ధినొంది, అటుపిమ్మట లింఫు గ్రంథులను చేరి అచ్చట స్థిరపడును. ఆ వ్యవధిలో మందు పడినచో వైరసు తన జన్యుపదార్థమును మన కణములలో కలుపుకొనజాలక నశించుటకు అవకాశము కలదు. దీనినే వైద్యులు పెప్ అందురు. టెనోఫొవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ అను మూడు మందులు కలిసిన మాత్రను దినమునకొకటి వంతున 28 దినములు విడువక మ్రింగవలెను. 72 గంటలు దాటిన పిమ్మట మొదలిడిన ప్రయోజనముండదు. ఆ గడువు లోపలనైనను రెండవ దినముకంటె మొదటి దినము, సాయంకాలముకంటె ఉదయము మేలు. మొదలిడుటకు ముందు హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, మూత్రపిండముల పనితీరు చూచుటకు రక్తము తీయుదురు గాని, ఆ ఫలితములకై మొదటి మాత్రను ఆపనక్కరలేదు. జరిగిన సంగతి విని, మందు అవసరమో కాదో నిర్ణయించువాడు వైద్యుడు. అతనికి దాచకుండ చెప్పుట మనపని.

ఎక్కడికి పోవలెనన్న ప్రశ్నకు ఈ ప్రాంతమువారు దూరము పోనక్కరలేదు. పంజాగుట్ట, అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, ఇ.ఎస్.ఐ. హాస్పిటల్, ఎర్రగడ్డ అని వరుసగా వచ్చు మెట్రో స్టేషన్ల పేర్లు చదివినను చాలును: ఆ కొసన నిమ్స్ ఆసుపత్రి, నడుమ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, ఈ కొసన ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి. ఇంకొక విశేషము. హెచ్.ఐ.వి. మందులను దేశదేశములకు పంపు హెటిరో సంస్థ ప్రధాన కార్యాలయము సనత్‌నగర్ పారిశ్రామికవాడలోనే యున్నది. ఆరు నెలలకొకసారి సూదిగా వేసికొన్నచో వ్యాధి సోకకుండ కాపాడు లెనకపవిర్ అను మందును జెనరిక్‌గా తయారుచేయుటకు గిలియడ్ సంస్థ 2024 అక్టోబరులో అనుమతించిన ఆరు సంస్థలలో హెటిరో, డాక్టర్ రెడ్డీస్ రెండును హైదరాబాదువే. ప్రపంచమునకు మందు పంపు పేటలో, దానికొక గడువున్నదని ఎరుగక ఒక యువకుడు మూడు దినములు దుప్పటి ముసుగున దాగియుండుట నా మనస్సును మిక్కిలి బాధించు విషయము.

ఇక అపాయమెంత? చికిత్స పొందని, హెచ్.ఐ.వి. ఉన్న వ్యక్తితో కండోము లేకుండ ఒకమారు కలిసినపుడు పురుషునికి యోని సంభోగమువలన సోకు అవకాశము పదివేలకు సుమారు 4, స్త్రీకి సుమారు 8, గుదమార్గమున స్వీకరించువారికి సుమారు 138. సుఖవ్యాధుల వలన పుండ్లున్నచో ఇది హెచ్చును. ముద్దువలనను, ఒకే కంచమున తినుటవలనను, దోమకాటువలనను సోకదు. ఈ సంఖ్యలు కొందరికి ఊరటనిచ్చును. కాని పదివేలలో నలుగురన్నను ఆ నలుగురు మనుష్యులే గనుక, లెక్క చూచి పరీక్ష మానుకొనుట తగదు. సంఖ్యలు చూచి నిదురపోవచ్చును, పరీక్షకు మాత్రము పోవలసినదే.

అయితే మరునాడే పరీక్షించుకొనిన ఫలమేమి? ఆనాటి రక్తము పూర్వస్థితిని చెప్పునే గాని నిన్నటి సంగతిని చెప్పదు. ప్రయోగశాలలో చేయు నాలుగవ తరము పరీక్ష, వైరసులోని పి24 అను పదార్థమును, దేహమున పుట్టు ప్రతిరక్షకములను కూడ వెదకునది గనుక, 18 మొదలు 45 దినములలో పట్టుకొనును. వ్రేలి రక్తముతో చేయు రాపిడ్ పరీక్షకు 90 దినముల వరకు పట్టవచ్చును. పరీక్షకు వైరసు చిక్కని ఈ వ్యవధినే విండో పీరియడ్ అందురు. పెప్ వాడినవారు ఎప్పుడెప్పుడు పరీక్షించుకొనవలెనో వైద్యుడు చెప్పును.

ఈ ఎదురుచూపులోనే మనుష్యుడు తన దేహముపై తానే గూఢచారియగును. మెడక్రింద వ్రేళ్ళతో తడిమి గ్రంథులు వాచినవాయని చూచును. నాలుకను అద్దమున పరిశీలించును. ఒక చెమట పట్టిన రాత్రి, ఒక గొంతు మంట, భుజముపై ఒక దద్దురు, అన్నియు అతనికి సాక్ష్యములే. హెచ్.ఐ.వి. సోకిన రెండు మొదలు నాలుగు వారములకు కొందరికి జ్వరము, గొంతు నొప్పి, దద్దురు వచ్చుట నిజమే. కాని శ్రావణ భాద్రపదములలో ఈ నగరమున జ్వరము రాని యిల్లేది? నల్లకుంట కోరంటి దవాఖానా ముందు నిలిచిన వరుసను చూచినవారికి, జ్వరమును బట్టి ఏ వ్యాధియు నిర్ణయింపరాదని వేరుగ చెప్పనక్కరలేదు. లక్షణములు ఉండుట రుజువు కాదు, లేకుండుటయు రుజువు కాదు.

ప్రభుత్వాసుపత్రులలోని ఐసీటీసీ అను సలహా, పరీక్షా కేంద్రమున జరుగునది మిక్కిలి సాధారణమైన పని. కౌన్సెలరు తలుపు వేసి కూర్చుండబెట్టి, ఏమి జరిగెనో ఎప్పుడు జరిగెనో అడిగి, సమ్మతి పత్రముపై సంతకము తీసికొనును. లాబ్ టెక్నీషియను తీసిన రక్తపు బొట్టును తెల్లని ప్లాస్టిక్ పట్టీ గుంటలో వేసి, దానిపై ద్రవము చుక్కలు వేయును. కొన్ని నిమిషములకు ఒక గీత తేలును. అది పరీక్ష సరిగా జరిగినదని తెలుపు గీత. రెండవ గీత లేనిచో చీటీపై నాన్ రియాక్టివ్ అని వ్రాయుదురు. ఉన్నచో అంతటితో ముద్ర వేయరు. వేరు వేరు కిట్లతో మరల చూచి, మూడు పరీక్షలు ఏకమైననే పాజిటివ్ అందురు. దీనికి రుసుము లేదు.

ఎవరైనను చూతురేమో, ఆఫీసునకు తెలియునేమో అను భయము చాలమందిని ఆ తలుపు ముందే త్రిప్పి పంపివేయును. 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చిన 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ప్రకారము తెలిపి సమ్మతి పొందనిదే పరీక్ష చేయరాదు. సాధారణముగా సమ్మతి లేనిదే ఫలితమును అన్యులకు వెల్లడి చేయరాదు. ఉద్యోగమిచ్చుటకు ఈ పరీక్షను షరతుగా పెట్టరాదు. ఎదురుగా కూర్చుండి చెప్పలేనివారు 1097 నంబరునకు ఫోను చేసి పేరు చెప్పకుండ మాటాడవచ్చును. ఆ ఫోనుకు ఖర్చు లేదు.

విండో పీరియడ్ దాటి, నాన్ రియాక్టివ్ అని వచ్చిన పిమ్మటను మరియొక లాబ్, మరియొక కిట్ అని తిరుగువారు కలరు. వీరిని చూచి విసుగుకొనుట అన్యాయము. వీరిని వేధించునది వైరసు కాదు, తాము చేసిన పనిపై తమకే గల రోత; ఆ రోతను రక్తపరీక్ష కొలువజాలదు. మరల రక్తమిచ్చుటకు మారు మనోవైద్యుని కలిసిన మేలగును. మానసిక ఆసుపత్రియు ఉన్న ఎర్రగడ్డ పేరు వినగానే పిచ్చాసుపత్రియని నవ్వు మన పాత దురలవాటు ఎందరినో ఆ సహాయమునకు దూరము చేసినది.

పాజిటివ్ వచ్చినవారికి 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఉచితముగా మందులిచ్చుచున్నది. 2017 నుండి సీడీ4 అను రోగనిరోధక కణముల సంఖ్య ఎంతయున్నను వెంటనే చికిత్స మొదలిడుచున్నారు. మందు తప్పక వాడి, రక్తమున వైరసు కనబడని స్థితికి తెచ్చుకొనినవారి నుండి లైంగికముగా ఇతరులకు సోకదని పార్ట్‌నర్ అధ్యయనము ఏండ్ల తరబడి జంటల జీవితమును పరిశీలించి తేల్చినది. మందు వాడుకొనువారు బిడ్డలను కనుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు.

అన్నిటికంటె కష్టమైనది భార్యకు చెప్పుట. తెలుగునాట భర్తవలననే ఈ వ్యాధి సోకి, భర్త గతించిన పిమ్మట గాని ఆ సంగతి తెలియని స్త్రీలు ఎందరో కలరు; వారిని తలచినపుడు భర్తల సిగ్గుపై నాకు జాలి తగ్గిపోవును. పరీక్ష గడువు ముగియువరకు ఇంటను కండోము వాడవలెను. ఏలనని ఆమె అడుగును, అడుగుట ఆమె హక్కు. ఒంటరిగా చెప్పలేని భర్త ఆమెను వెంటబెట్టుకొని ఐసీటీసీకి పోవచ్చును. దంపతులనిరువురిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి మాటాడించి, ఇరువురికి పరీక్ష చేయించుట అచ్చటి కౌన్సెలరు ప్రతిదినము చేయు పని.