సముద్రం చేరని నీరు

నదులన్నీ చివరకు సముద్రంలో కలుస్తాయని మనం చిన్న తరగతుల్లోనే చదువుకుంటాం. కాని సముద్రానికి దారే దొరకని నదులు కూడా వున్నాయి. మరి వాటి నీరంతా ఏమవుతుంది? జవాబు కావాలంటే దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశానికి వెళ్ళాలి. అట్లాసు తీసి దగ్గర పెట్టుకోండి. బయలుదేరుదాం!

బొలీవియాలో ఆండీస్ పర్వతాలు రెండు వరుసలుగా వున్నాయి. ఆ వరుసల మధ్య, సుమారు 3,700 మీటర్ల ఎత్తున, ఒక విశాలమైన పీఠభూమి వున్నది. దాని పేరు ఆల్టిప్లానో. అక్కడ గాలి పలుచన. నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, ఆయాసం వస్తుంది. నీరు 100 డిగ్రీల దగ్గర కాక, సుమారు 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. అందుచేత పప్పు ఓ పట్టాన ఉడకదు! ఈ పీఠభూమి చుట్టూ అంచున్న పళ్ళెం లాంటిది. లోపల పడిన నీరు బయటకు పోలేదు.

మన మొదటి మజిలీ టిటికాకా సరస్సు. ఇది పెరూ, బొలీవియా దేశాల సరిహద్దులో, 3,812 మీటర్ల ఎత్తున వున్నది. దీనిలోని సూర్యద్వీపంలోనే సూర్యుడు పుట్టాడని ఇంకా ప్రజలు నమ్మేవారు. ఈ సరస్సులో ఎన్నో నదులు కలుస్తాయి. ఆ నదులు రాళ్ళను ఒరుసుకుంటూ వచ్చేటప్పుడు వాటిలోని లవణాలను కొద్దికొద్దిగా కరిగించి తెస్తాయి. ఎండకు నీరు ఆవిరవుతుంది గాని, లవణం ఆవిరి కాదు. మరి టిటికాకా నీరు ఉప్పగా మారలేదేం? డెసాగ్వాడెరో అనే నది ఇక్కడినుంచి కొంత నీటిని, దానితోపాటు లవణాలనూ దక్షిణానికి మోసుకుపోతుంది. ఆ చిన్న దారే సరస్సును కాపాడుతున్నది.

ఆ నది వెంటే వెళదాం. అది పూపో సరస్సును చేరుతుంది. పూపోలో లోతు చాలా తక్కువ. మామూలుగా మూడు మీటర్లయినా వుండదు. వచ్చిన నీరు దాదాపు అంతా ఇక్కడే ఆవిరి కావాలి. అందుకే దీని నీరు ఉప్పన. ఊరు తెగ ప్రజలు తరతరాలుగా ఇక్కడ చేపలు పట్టి బ్రతికేవారు. 2015లో ఈ సరస్సు పూర్తిగా ఎండిపోయింది! పడవలు పగుళ్ళిచ్చిన నేలమీద మిగిలాయి. కరువు, పెరుగుతున్న వేడి, పొలాలకూ గనులకూ నీటిని మళ్ళించడం – ఇవన్నీ కలిసి ఈ పని చేశాయి. ఎన్నో కుటుంబాలు పని వెతుక్కుంటూ వేరే చోట్లకు వెళ్ళిపోయాయి.

ఇంకా దక్షిణానికి పోతే మూడో మజిలీ – ఉయూని ఉప్పు మైదానం. విస్తీర్ణం 10,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. అంటే టిటికాకా కంటే పెద్దది. కనుచూపు మేరా తెల్లని ఉప్పే! వేల సంవత్సరాల క్రితం ఇక్కడ పెద్ద సరస్సు వుండేది. నీరు ఆవిరైపోగా ఉప్పు మిగిలింది. మన నౌపడా ఉప్పుమళ్ళలో జరిగేది కూడా ఇదే. వానాకాలంలో ఉప్పుమీద పలుచగా నీరు నిలిచి, ఆకాశం అద్దంలో వలె కనిపిస్తుంది. ఈ నేల ఎంత చదునంటే, కృత్రిమ ఉపగ్రహాల ఎత్తు కొలిచే పరికరాలను దీన్ని చూసి సరిచేసుకుంటారు.

ఉప్పు కింది ద్రవంలో లిథియం పుష్కలంగా వున్నది. బ్యాటరీల తయారీకి అది అవసరం. కాని దాన్ని తీయడానికి నీరు కావాలి. అసలే నీటికి కటకటలాడే చోట ఆ నీరు ఎవరి వాటాలోనుంచి రావాలి? ఇది అక్కడి ప్రజల ముందున్న పెద్ద ప్రశ్న.

ఇప్పుడు మీరొక ప్రయోగం చేయండి. ఒక పళ్ళెంలో కొద్దిగా ఉప్పునీరు పోసి ఎండలో పెట్టండి. ఆరగానే మళ్ళీ పోయండి. నాలుగైదు రోజులు ఇలా చేస్తే పళ్ళెం అడుగున తెల్లని పొర పేరుకుంటుంది. అదే మీ ఉయూని! అసలు ఉయూని సరస్సు మనుషుల ప్రమేయం లేకుండానే ఎండిపోయింది. పూపో ఎండిపోవడంలో మాత్రం మనుషుల చేయి కూడా వున్నది. ఈ తేడాను మరచిపోకండి.