ఈస్టు మెడల కడియం

బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ పేరు మనమందరం విన్నదే. 1937లో నిజాం కాలంలో మొదలైంది, 2015 డిసెంబరులో మూతపడ్డది. చక్కెర తీసినంక మిగిలిన నల్లని మొలాసిస్‌ను పులియబెట్టి స్పిరిట్ చేసేటోళ్ళు. ఆ పులియబెట్టేది మిషన్ కాదు, ఈస్టు. కల్లు కుండల నురుగు పొంగించేది కూడా అదే. మా అవ్వ ఇప్పపువ్వు నానబెట్టి "పొంగు వచ్చింది" అంటది. ఆమె బడికి పోలేదు. ఈస్టు పేరు తెల్వదు గాని, అది పని చేసే వేళ తెలుసు.

మన పుస్తకంల "కణం రెండుగా విడిపోతుంది" అని ఒక్క ముక్కల ఉన్నది. ఎట్ల విడిపోతది, ఎవరు చూసిన్రు అని లేదు. నాకు అదే కావాలె. అందుకే ఇది రాస్తున్న.

ఈస్టు ఒకటే కణం ఉన్న జీవి. సైజు మిల్లీమీటరులో సుమారు 200వ వంతు. మన ల్యాబుల సార్ చూపించిన్రు కదా, మినుప గింజల లెక్క ఉన్నయి, కొన్నింటి పక్కన చిన్న మొగ్గ. ఆ మొగ్గనే పిల్ల. తిండి బాగుంటే గంటన్నరల పెరిగి విడిపోతది. తల్లికి, పిల్లకు నడుమ సన్నని మెడ ఉంటది. తెగేది అక్కడనే.

ఆ మెడ లోపల ఏమున్నదో మామూలు మైక్రోస్కోపుల కనబడదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలె. దాంట్ల వెలుగుకు బదులు ఎలక్ట్రాన్లు పోతయి. లోపల గాలి ఉండొద్దు, కాబట్టి బతికున్న ఈస్టును పెట్టలేరు. మందులతో బిగబట్టి, ప్లాస్టిక్ లాంటి దాంట్ల గట్టిపరిచి, వజ్రం కత్తితో పొరలు కోస్తరు. ఒక్క ఈస్టుకు యాభైకి పైన పొరలు! వాటి ముందు ఉల్లిపొర దుప్పటి లెక్క. హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి.లో ఇసుంటి మైక్రోస్కోపులు ఉన్నాయి.

1976లో అమెరికాలో బ్రెక్ బయర్స్, లొరెట్టా గోచ్ అనే ఇద్దరు ఇట్లనే కోసి చూసిన్రు. మెడ లోపల గోడకు ఆనుకొని సన్నని దారాలు చుట్టుకొని ఉన్నయి, కడియం లెక్క. ఒక్క దారం మందం మిల్లీమీటరులో లక్షవ వంతు.

కనబడ్డది సరే, దాని పనేంది? అది లేకుండ చేసి చూడాలె. మన హాస్టల్ల వంటమ్మ ఒక్క పొద్దు రాకపోతే ఆమె పనెంతో తెలుస్తది కదా, గట్లనే. హార్ట్‌వెల్ అనే శాస్త్రవేత్త (2001లో నోబెల్ వచ్చింది) అప్పటికే కొన్ని వింత ఈస్టులను ఏరి పెట్టిండు. 23 డిగ్రీల దగ్గర అవి మంచిగనే విడిపోతయి. 36 డిగ్రీలకు పెంచితే వాటిల ఒక ప్రోటీన్ చెడిపోతది. అప్పుడు నాలుగు రకాల ఈస్టులు మొగ్గ మీద మొగ్గ వేసి, పొట్లకాయ లెక్క సాగుతయి గాని తల్లీపిల్లలు విడిపోవు. కోసి చూస్తే కడియం లేదు!

ఆ ప్రోటీన్లకు తర్వాత సెప్టిన్లు అని పేరు పెట్టిన్రు. పొలం గెట్టు లెక్క తల్లి దిక్కున్న కొంత సరుకును పిల్ల దిక్కు పోనియ్యవు. ఇంకో పని నాకు ఎక్కువ నచ్చింది. కడియం తానుగా మెడను కొయ్యదు. మెడ బిగించే ప్రోటీన్లు, నడుమ గోడ కట్టేటివి వచ్చి నిలబడేందుకు జాగ ఇస్తది. అది లేకపోతే అవి కూడవు.

మనుషులకు సెప్టిన్ జీన్లు 13 ఉన్నయి. మన కణాలు విడిపోయేటప్పుడు కూడా అవి నడుమకే చేరుతయి.

సార్ దగ్గర ఈస్టు ప్యాకెట్ ఇంకా ఉన్నది. చూసేటోళ్ళు ఆదివారం ల్యాబుకు రండ్రి. కడియం కనబడదు, మెడ కనబడుతది.

– 9వ తరగతి విద్యార్థిని