సముద్రపు దొంగల కథలో ఏ ఘట్టము మిన్న?

పెద్ద కథ ఏది విన్నను, అందులో ఏ భాగము గొప్ప యని తగవులాడుకొనుట మనవారికి పాత అలవాటు. భారతములో విరాటపర్వము మిన్నయా, ఉద్యోగపర్వము మిన్నయా అని అరుగుల మీద వాదించిన తరము గతించినది గాని, అలవాటు గతింపలేదు. మా కళాశాల పిల్లలు నేడు అదే తగవును ఒక జపాను బొమ్మల కథ విషయమున పడుచున్నారు. దాని పేరు 'వన్ పీస్'. ఐఇచిరో ఓడా అను చిత్రకారుడు 1997 జులైలో ఒక వారపత్రికలో దీనిని ఆరంభించినాడు. 1999 అక్టోబరు 20 నుండి అది టెలివిజనులో కదలెడు బొమ్మలుగా వచ్చుచున్నది. వేయి భాగములు దాటి, పదునొకండు వందలును దాటినవి. పిల్లల తగవు తీర్చుటకు నేనును కూర్చుండి చూచితిని. తీర్చలేదు సరిగదా, నేనే ఒక పక్షమున చేరితిని.

కథ చెప్పవలెనన్న నాలుగు మాటలు. లూఫీ అను కుఱ్ఱవాడు, రబ్బరువలె సాగెడు దేహము గలవాడు, సముద్రపు దొంగల రాజు విడిచిపోయిన నిధికై ఓడ యెక్కును. దారిలో ఒక్కొక్క ద్వీపము, ఒక్కొక్క ద్వీపమునకు ఒక్కొక్క కథ. ఇది మనకు క్రొత్త పద్ధతి కాదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో మజిలీ కొక కథ. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ళకై నెలనెల ఎదురుచూచినవారికి, ఈ పిల్లలు ఆదివారమునకై ఎందుకు ఎదురుచూచిరో ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక తగవు. పిల్లలలో అధిక సంఖ్యాకులు 'మరీన్‌ఫోర్డ్' ఘట్టమునకు పట్టము కట్టుదురు. లూఫీ అన్నగా భావించు ఏస్‌ను వధ్యవేదికనుండి విడిపించుటకై వైట్‌బియర్డ్ అను వృద్ధ వీరుడు నౌకాదళము మీదికి తన సమస్త సేనతో వచ్చును. మహాయుద్ధము, ఏస్ మరణము, వృద్ధుడు నిలుచుండియే ప్రాణము విడుచుట. గొప్పదే, కాదనను. కాని మన పల్లెలలో తిరుపతి వేంకటకవుల నాటకములు ఆడిన రాత్రులను తలచుకొనుడు. జనము తెల్లవార్లు మేల్కొన్నది రాయబారమునకు, యుద్ధమునకు కాదు. యుద్ధములో ఎవడు ఎవని కొట్టినాడన్నది ఒకమారు తెలిసినచో చాలును. యుద్ధమునకు ముందు ఎవరికి ఏమి పోవునో, వారు దానికై ఏమి మాటాడుదురో, అది పదిమారులు వినదగినది. కనుక నా కొలబద్ద వేరు. ఘట్టము ముగిసిన పిమ్మట ఆ ద్వీపము మనస్సులో మిగులునా? అక్కడి జనము ఏమి తినిరి, దేనికి భయపడిరి, వారి నీరు ఎక్కడనుండి వచ్చినది, ఇవి జ్ఞాపకముండునా?

నీటిమాట వచ్చినది గనుక 'అలబాస్టా' చెప్పుదును. అది ఎడారి రాజ్యము. మూడేండ్లుగా వానలు లేవు. రాజధానిలో మాత్రము కురియును. క్రొకడైల్ అను కపటి ఒక పొడిని తెప్పించినాడు. దానిని కాల్చి పొగ పెట్టినచో మేఘము ఒకచోట కురియును, పొరుగు నేలకు రావలసిన వాన ఆగిపోవును. నింద రాజుపై పడునట్లు చేసి, ప్రజలను తిరుగుబాటునకు పురికొల్పును. యూబా అను ఊరు ఇసుకలో కూరుకొనిపోగా అందరును విడిచిపోయిరి; ఒక్క ముసలివాడు మాత్రము రాత్రింబవళ్ళు ఇసుక త్రవ్వుచుండును. ఒక రాత్రి యంతయు త్రవ్వి, తడి యిసుకనుండి దొరికిన నీటిని పట్టి లూఫీ చేతి కిచ్చును.

ఇది నిజామాబాదు జిల్లావానికి వేరుగా కనబడును. మంజీరపై 1923లో ఆరంభించి 1931లో పూర్తిచేసిన నిజాంసాగరము లేకున్నచో బోధను చుట్టుప్రక్కల చెరకు లేదు. చెరకు లేకున్నచో శక్కర్‌నగర్ లేదు. పైన సింగూరు జలాశయము కట్టి రాజధాని దాహము తీర్చిన పిమ్మట, క్రింది ఆయకట్టు రైతు కాలువ చివర నిలిచి పైకి చూచుట నేర్చినాడు. ఇందులో కపటి ఎవడును లేడు. నగరమునకును దాహము వేయును. కాని ఒకచోట కురిసిన నీరు మరియొకచోట తగ్గిన నీరే యను సూత్రమును బొమ్మల కథలో అంత సూటిగా చెప్పినవారిని నేను వేరొకరిని చూడలేదు. కథాంతమున వాన కురియును. కత్తులు దూసినవారి చేతులు తమంతట తామే వాలిపోవును. అలబాస్టాకు రెండవ స్థానము.

మూడవది 'ఆర్లాంగ్ పార్క్'. నారింజ తోటల ఊరు. ఆర్లాంగ్ అను మత్స్యమానవుడు ఊరిని పట్టుకొని, తలకింత యని పన్ను వేయును: పెద్దలకు లక్ష, పిల్లలకు యాభైవేలు. బెల్మేర్ అను స్త్రీ వద్ద ఇద్దరు పెంపుడు బిడ్డలకు చాలినంతయే సొమ్ము ఉన్నది. బిడ్డలు లేరని బొంకినచో తాను బ్రతుకును. బొంకదు. ఆ ఇద్దరిలో ఒకతె యైన నామి, ఊరినే కొనుటకు పది కోట్లు కూడబెట్టుచు అదే దొంగ క్రింద ఎనిమిదేండ్లు పటములు గీయును. లెక్క పూర్తి కావచ్చినప్పుడు ఆ సొమ్మును దోచినవాడు దొంగ కాదు, ప్రభుత్వపు అధికారి. పన్నులు, లంచములు, దొరల గడీలు ఎరిగిన తెలంగాణమునకు దీనికి వ్యాఖ్యానమక్కరలేదు. కథ పొడుగు తక్కువ. ఒక్క మాట వ్యర్థము లేదు.

నాలుగవదిగా 'స్కైపియా'ను నిలిపినందుకు పిల్లలు నన్ను పరిహసించినారు. మేఘముల మీది ద్వీపము. నడక మందమని వారి ఫిర్యాదు. నిజమే. కాని బంగారు నగరము నున్నదని చెప్పి, చూపలేక, అబద్ధీకుడని శిరచ్ఛేదము పొందిన నోలాండ్ సంగతి యేమి? నాలుగు వందల ఏండ్ల పిమ్మట ఆకాశమునందు ఆ నగరపు గంట మ్రోగును. క్రింద, సముద్రము అడుగున అదే నగరమును వెదకుచున్న అతని వంశీయుడు ఆ ధ్వని వినును. ఒక్క గంటానాదము కొరకు అన్ని భాగములు కూర్చున్నను నాకు నష్టము కలుగలేదు.

ఇక మొదటిది. 'వాటర్ సెవెన్', దానిని విడదీయరాని 'ఎనీస్ లాబీ'. రెంటిని కలిపి ఒక్కటిగా లెక్కింతును.

వాటర్ సెవెన్ ఓడ వడ్రంగుల పట్టణము. వీథులు కాలువలు. ఏటేట పోటు పెరిగి ఊరు క్రుంగుచున్నది. ఒకప్పుడు పని లేక చచ్చుచున్న ఆ పట్టణమును టామ్ అను పెద్ద వడ్రంగి సముద్రము మీద నడచు రైలు నిర్మించి బ్రతికించినాడు; దొంగల రాజునకు ఓడ చేసియిచ్చినాడను నేరమునకు ప్రభుత్వము అతనిని కొనిపోయినది. చేసినది ఓడయేగాని దొంగతనము కాదని అతని వాదము. తాను చేసిన వస్తువును గూర్చి పనివాడు సిగ్గుపడరాదని శిష్యునకు చెప్పినవాడతడు.

ఆ పట్టణమునకు లూఫీ తన చిన్న ఓడ 'గోయింగ్ మెర్రీ'ని బాగు చేయించుటకు తెచ్చును. వడ్రంగి పరీక్షించి చెప్పును: వెన్నుదూలము విరిగినది, ఈ ఓడ ఇక సముద్రము దాటదు. సొమ్ము ఎంత యిచ్చినను వెన్నుదూలము మార్చుట క్రొత్త ఓడ చేయుటయే యగును. నాయకుడు ఆ మాట ఒప్పుకొనును. ఓడను తన ఊరినుండి తెచ్చిన ఉసోప్ ఒప్పుకొనడు. ప్రాణమిత్రు లిద్దరును రాత్రి ఒడ్డున కలియబడుదురు. గెలిచినవాని ముఖములో గెలుపు లేదు. ఇక్కడ ఓడా చేసిన సూక్ష్మమొకటి కలదు: ఓడ చనిపోయినదని చెప్పిన ఆ వడ్రంగి తరువాత ప్రభుత్వపు గూఢచారిగా తేలును. మనిషి మోసగాడు, పరీక్ష మాత్రము నిజము. సులభముగా కథ నల్లువాడైనచో ఓడ బాగే యని తేల్చి మిత్రులను కలిపియుండును.

నేను ఈ ఘట్టము చూచుచు శక్కర్‌నగరును తలచుకొనకుండలేక పోయితిని. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారము ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందినది. చెరకు బండ్ల బారులు, ఊరంతయు కమ్ముకొను మొలాసిస్ వాసన, కూత విని గడియారము సరిచేసుకొనుట, ఇవి మా ప్రాంతపు ఋతుచక్రములో భాగములు. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయినది. 2015 డిసెంబరులో ఆగినది. 'మూసితిమి' అనలేదు, 'లే-ఆఫ్' అన్నారు. తెరిపింతుమను మాట ఎన్నికలలో వినబడినది, సంఘములు కూర్చున్నవి. వెన్నుదూలము విరిగినదా, పలకలు మాత్రమే సడలినవా? ఉసోప్‌నకు వినుటకు కష్టమైనను ఒక జవాబు దొరికినది. మా కార్మికుడు అది లేకయే వరికి, సోయాకు, పసుపునకు, దుబాయికి పోయినాడు.

ఎనీస్ లాబీ భాగము రాబిన్‌ది. ఓహారా అను విద్యాద్వీపములో పండితులు పాత శిలాక్షరములు చదువుచుండిరి. చదువుట నేరమని ప్రభుత్వము ఆ ద్వీపమును ఫిరంగులతో మాడ్చివేసినది. ఎనిమిదేండ్ల బాలిక యొక్కతె మిగిలినది, ఆమెయే రాబిన్. మంటలలో పండితులు పుస్తకములను చెరువులోనికి విసరుట చూచినప్పుడు తెలుగు బోధించువాని గుండె ఒక క్షణము నిలుచును. బోధను వేములవాడ చాళుక్యుల పోదన. వారి ఆస్థానకవి పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగరు జిల్లా కుర్క్యాల వద్ద బండపై చెక్కించిన పదవ శతాబ్దపు శాసనములో సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములున్నవి. పంపడు ఎవరివాడో, తెలుగు పద్యము ఎంత పాతదో ఆ బండ చెప్పినది. దానిని చదువగలవారు పదిమందియైనను లేనినాడు అది మరల బండయే. ఓహారాను కాల్చనక్కరలేదు, మరచిపోయినను చాలును.

ఘట్టము చివర, ఎవరును నడుపని మెర్రీ తానే శత్రుమధ్యమునకు వచ్చి తనవారి నెక్కించుకొని, సముద్రము నడుమ రెండుగా విరుగును. నాయకుడు స్వయముగా నిప్పు పెట్టును. మంచు కురియుచుండగా ఓడ మాటాడును. మున్ను కొయ్యగుఱ్ఱము, మరబొమ్మ మాటాడిన కథలు విన్నాము గాని, ఇంతటి వీడ్కోలు వినలేదు.

తక్కినవి త్వరగా చెప్పుదును. 'వానో' మొదటిసగము మంచిది: ఆయుధముల కార్ఖానాలు నదులను విషము చేయగా మిగులు తిండిపై బ్రతుకు పల్లె, నవ్వుట తప్ప ఏడ్వలేని జనము. రెండవ సగము యుద్ధము, మరల యుద్ధము. వేయవ భాగము కూడ ఇందులోనే వచ్చినది. 'డ్రెస్‌రోజా' ఊహ అద్భుతము. షుగర్ అను పిల్ల తాకినవారు బొమ్మలగుదురు, బొమ్మలైనవారిని సొంతబిడ్డలే మరతురు. చక్కెర పేరున మరపు పుట్టుట మా ప్రాంతమున చెల్లదని ఒక విద్యార్థి చమత్కరించినాడు. కాని 102 అధ్యాయముల కథను 118 భాగములుగా సాగదీసినారు. పత్రికను దాటరాదని టెలివిజనువారి పాట్లు. 2024 అక్టోబరులో ఆపి 2025 ఏప్రిలులో మరల ఆరంభించుట మంచి పని.

అంత తీరిక లేనివారు 31 నుండి 44 వరకు చూచి, 92 నుండి 130 వరకు చూచి, 229 నుండి 312 వరకు చూడుడు. నడుమ 279 నుండి 283 వరకు పాత సంగతుల పునశ్చరణ, వానిని విడిచిపెట్టవచ్చును. 312వ భాగమును మాత్రము ఇంటిలో అందరును నిద్రించిన పిదప చూచుట మేలు.