ఉద్దానం కొబ్బరికి పురుగుల కాపలా

శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద నిమ్మాడ, టెక్కలి దాటి పలాస చేరాక సముద్రం వైపు మళ్లితే నేల తీరే మారిపోతుంది. కాళ్ల కింద ఇసుక, తలపైన కొబ్బరి మట్టలు, పక్కనే జీడి, పనస. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాల్లో పరుచుకున్న ఉద్దానం ఇదే. దింపు దింపుకూ చేతికొచ్చే కొబ్బరి డబ్బులే ఇక్కడ చాలా ఇళ్లకు ఆధారం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. పైగా కూలిన మొద్దులు కుళ్లితే కొమ్ము పురుగు వాటిలోనే గుడ్లు పెట్టి, నిలిచిన చెట్ల మొవ్వు మీద పడుతుంది. ఈ దెబ్బ నుంచి తేరుకోకముందే సర్పిలాకార తెల్లదోమ కూడా వచ్చిపడింది.

నర్సరీ మొక్కలతో వచ్చిన దోమ

మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి సేకరించిన నమూనాలతో శాస్త్రవేత్తలు 2004లో ఈ దోమకు పేరు పెట్టారు. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో తొలిసారి కనిపించింది. ఆ వెంటనే గోదావరి జిల్లాల్లోని కడియం ప్రాంతానికీ చేరింది. దోమ తనంతట ఎగిరేది కొద్ది దూరమే. జిల్లాలు దాటించేది లారీ ఎక్కిన నర్సరీ మొక్కలే.

ఇది ఆకు అడుగున సుడులు సుడులుగా గుడ్లు పెట్టి, తెల్లటి మైనపు పొడి కప్పుతుంది. రసం పీల్చి విసర్జించే తీపి జిగురు కింది ఆకుల మీద పడితే దానిపై నల్లటి బూజు పెరుగుతుంది. కొబ్బరి కింద వేసిన అరటి, జామలకూ అదే మసి. ఆకు నల్లబడిందంటే రైతుకు గుండె గుభేలుమంటుంది, పురుగుమందు డబ్బా గుర్తొస్తుంది.

అంబాజీపేట జవాబు

ఆ డబ్బా పక్కన పెట్టమన్నది డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం. కోనసీమలోని ఈ కేంద్రంలో కీటక శాస్త్రవేత్త డాక్టర్ ఎన్.బి.వి. చలపతిరావు బృందం కొబ్బరి తెగుళ్లకు, పురుగులకు జీవ నియంత్రణ మార్గాలపై ఏళ్లుగా పనిచేసింది.

అక్కడ పని మొదలయ్యేది ధాన్యంలో పెరిగే ఓ సాదాసీదా చిలుక పురుగుతో. దాని గుడ్లు, గొంగళ్లు మిత్రపురుగులకు మేత. బ్రాకన్ అనే చిన్న కందిరీగ గొంగళిని కుట్టి కదలకుండా చేసి, దాని ఒంటి మీదే గుడ్లు పెడుతుంది. గోనియోజస్ తల్లి అయితే పిల్లలు ఎదిగేదాకా అక్కడే కాపలా ఉంటుంది. దూరానికి తోట కాలిపోయినట్టు కనబడేలా కొబ్బరి ఆకు గోకి తినే నల్లతల గొంగళి మీదికి ఈ రెండింటినీ వదులుతారు.

తెల్లదోమకు వేరే సైన్యం. అల్లికరెక్కల పురుగు పిల్లలు దాని గుడ్లనూ పిల్లలనూ తిని, మిగిలిన తుక్కును వీపున మోసుకు తిరుగుతాయి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ అందించిన ఐసేరియా శిలీంధ్రాన్ని పెంచి, నీళ్లలో కలిపి ఆకుల అడుగున పిచికారీ చేస్తే దోమకు జబ్బు చేసి చస్తుంది. మసి వదలడానికి పల్చటి గంజి చాలు. ఆరి పెచ్చులుగా ఊడేటప్పుడు మసిని కూడా లాక్కుపోతుంది.

కనబడని సాయం

వీటన్నిటికన్నా పెద్ద చెయ్యి ఎన్కార్షియా అనే కందిరీగది. ఎవరూ తెచ్చి వదలకముందే తెల్లదోమ వెంట తోటల్లో కనబడింది. ఆవగింజకన్నా చిన్నది. దోమ పిల్ల ఒంట్లోనే పెరిగి, దాన్ని చంపి బయటికొస్తుంది. ఘాటైన మందు కొడితే ముందు పోయేది ఇదే. మైనం చాటున మిగిలిన దోమ మళ్లీ పుంజుకుంటుంది, రైతు మళ్లీ మందు కొంటాడు.

కాబట్టి అంబాజీపేట ప్రయోగశాల విజయాన్ని అక్కడ పెంచిన మిత్రపురుగుల, శిలీంధ్రం సీసాల లెక్కలో చూస్తే సగమే తెలుస్తుంది. నిలువెత్తు కొబ్బరికి మందు కొట్టడం ఎలాగూ కష్టమే, ఖర్చు కూడా. ఏది చేయాలో చెప్పినంత గట్టిగా ఏది చేయకూడదో చెప్పడం కూడా శాస్త్రమే. అయితే తోట నల్లబడుతుంటే చేతులు కట్టుకోమన్న సలహాను రైతు ఊరికే నమ్మడు. కంటికి రుజువు కావాలి.

ఆ రుజువు ఆకు అడుగునే ఉంది. కింది మట్ట ఒకటి కోసి, మైనం తుడిచి, భూతద్దంతో చూడాలి. ఖాళీ గూడుకు చీలిక ఉంటే దోమ బయటపడ్డట్టు, గుండ్రటి చిల్లు ఉంటే మిత్రపురుగు వచ్చినట్టు. గుండ్రటి చిల్లులు ఎక్కువుంటే మందు ఖర్చు మిగిలినట్టే. తిత్లీ తర్వాత కొత్త మొక్కలు నాటుకున్న ఉద్దానం రైతు, బయటి నర్సరీ మొక్కను బండి దించకముందే దాని ఆకు అడుగు కూడా ఇలాగే చూసుకుంటే దోమను గట్టు దగ్గరే ఆపినవాడవుతాడు.